పాఠకుల ప్రశ్నలు: ఆస్ట్రేలియా అడవిలో విల్లు పట్టాలంటే

ఆస్ట్రేలియాలో ఉంటున్న పాఠకులు, అక్కడ పిల్లలున్న తల్లిదండ్రులు విల్లంబులతో వేట గురించి రాసిన ప్రశ్నలకు ఈసారి శీర్షికను కేటాయించాం. అడిగినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేస్తున్నాను. తోటి ఉద్యోగి ఒకరు సెలవుల్లో విల్లుతో దుప్పుల వేటకు వెళుతుంటారు. తుపాకీకి లైసెన్సు కావాలి గానీ విల్లుకు ఏమీ అక్కర్లేదనీ, నన్నూ రమ్మనీ అంటున్నారు. ఆయన మాట నమ్మి వెళ్లవచ్చా?

జవాబు: ఆయన చెప్పినదాంట్లో సగమే నిజం ఉంది. విక్టోరియాలో మామూలు విల్లు కొనడానికి గానీ, ఇంట్లో ఉంచుకోవడానికి గానీ లైసెన్సు అడగరు. మామూలు విల్లు అంటే ఒకే బద్దతో చేసిన పొడవాటి లాంగ్‌బో, కొనలు ముందుకు వంగిన రికర్వ్, కప్పీలున్న కాంపౌండ్ విల్లు. తుపాకీలా మీట నొక్కి వదిలే క్రాస్‌బో వీటిలోకి రాదు. విక్టోరియా, న్యూసౌత్‌వేల్స్ రెండూ దాన్ని నిషిద్ధ ఆయుధాల జాబితాలో పెట్టాయి కాబట్టి ప్రత్యేక అనుమతి లేకుండా దాన్ని దగ్గర ఉంచుకోవడమే నేరం. ఎవరైనా కారు డిక్కీలో క్రాస్‌బో పెట్టుకుని పిలిస్తే ఆ కారు ఎక్కకండి.

అయితే మీ మిత్రుడు చూడవలసింది విల్లు వైపు కాదు, దుప్పి వైపు. విల్లుకు లైసెన్సు లేకపోయినా దుప్పికి ఉంది. విక్టోరియాలో 1975 నాటి వన్యప్రాణి చట్టం కింద దుప్పులు రక్షిత జంతువులు. వాటిని వినోదం కోసం వేటాడే ప్రతి ఒక్కరూ, చేతిలో ఉన్నది తుపాకీ అయినా విల్లు అయినా, గేమ్ మేనేజ్‌మెంట్ అథారిటీ అనే సంస్థ ఇచ్చే గేమ్ లైసెన్సు తీసుకోవాలి. ఈ సంస్థ 2014 జులైలో ఏర్పడింది. వేట జరిగేది ప్రైవేటు పొలంలో అయినప్పుడు లైసెన్సుతో పాటు యజమాని అనుమతి కూడా ఉండాలి. పంటను పాడుచేస్తున్న దుప్పిని అదుపు చేసుకునే వెసులుబాటు భూయజమానికి వేరుగా ఉన్నది గానీ, సరదాగా వెంట వెళ్లిన అతిథికి అది వర్తించదు.

విల్లు ఎంత బలమైనదై ఉండాలో కూడా నియమాల్లోనే ఉంది. నారిని పూర్తిగా వెనక్కు లాగి పట్టుకోవడానికి కావలసిన బలాన్ని డ్రా వెయిట్ అంటారు. హాగ్ డీర్, ఫాలో, చుక్కల దుప్పి వంటి చిన్న జాతులకు అది కనీసం 45 పౌండ్లు, అంటే సుమారు 20 కిలోలు ఉండాలి. సాంబర్, రెడ్ డీర్, రుసా వంటి పెద్ద జాతులకు కనీసం 50 పౌండ్లు ఉండాలి. బాణానికి పదునైన అంచులు కనీసం రెండున్న ములికి బిగించాలి. గురి నేర్చుకునే మైదానంలో వాడే మొండి మొనలు దుప్పి మీద ప్రయోగించడానికి వీల్లేదు.

వేళ విషయంలోనూ నియమం కచ్చితంగా ఉంటుంది. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తరువాత అరగంట వరకే దుప్పిని వేటాడవచ్చు. రాత్రి దీపం వేసి కళ్లు మెరిసేలా చేసి కొట్టడం వినోద వేటగాళ్లకు నిషిద్ధం. సాంబర్‌ను కాలినడకన వెంబడించి వేటాడటానికి ఏడాది పొడవునా అనుమతి ఉంది గానీ, ఆల్పైన్ నేషనల్ పార్కులో దానికి కేటాయించిన భాగాల్లో మాత్రం ఫిబ్రవరి మధ్య నుంచి డిసెంబర్ మధ్య వరకే వెళ్లనిస్తారు. హాగ్ డీర్‌కు ఏప్రిల్ ఒక్క నెలే వేటకాలం. ఒక్కొక్కరికి ఒక మగదీ ఒక ఆడదీ మించకూడదు, పడిన వెంటనే ట్యాగు కట్టాలి, తనిఖీ కేంద్రానికి తీసుకెళ్లి చూపించాలి.

కాబట్టి మీ మిత్రుణ్ణి లైసెన్సు చూపించమనండి. ఆయన దగ్గర ఉన్నా సరిపోదు, విల్లు పట్టేది మీరైతే మీ పేరు మీద కూడా ఉండాలి. చూడటానికే వెళ్లదలిస్తే ఆయుధం ముట్టకుండా, ఆయన వెనుకే నడవండి.

ప్రశ్న: దుప్పులు, కుందేళ్లు, నక్కలు ఆ దేశానికి బయటి నుంచి తెచ్చిన జంతువులే కదా. వాటివల్ల అక్కడి అడవికి చేటు జరుగుతోందని వాళ్లే అంటారు. మరి దుప్పికి లైసెన్సూ, వేటకాలమూ, ట్యాగులూ పెట్టి కాపాడటం ఎందుకు? స్థానిక జంతువుకు రక్షణ, వచ్చిన జంతువుకు వేట అని ఒక్క మాటలో తేల్చవచ్చు కదా?

జవాబు: మీ తర్కం నాకు నచ్చింది గానీ, అక్కడి చట్టం దాని ప్రకారం నడవదు. ఒక జంతువు స్థానికమా కాదా అన్న ప్రశ్నకు జీవశాస్త్రం ఇచ్చే జవాబు ఒకటైతే, దాన్ని వేటాడవచ్చా అన్న ప్రశ్నకు ప్రతి రాష్ట్రమూ రాసుకున్న జాబితా ఇచ్చే జవాబు మరొకటి. ఆ రెండూ చాలాచోట్ల కలవవు.

దుప్పుల సంగతే తీసుకుందాం. 19వ శతాబ్దంలో అక్కడ స్థిరపడిన ఆంగ్లేయులకు ఆ అడవులు బోసిగా కనిపించాయి. తమకు అలవాటైన జంతువులనూ పక్షులనూ తెచ్చి వదలడమే పనిగా సంఘాలు పెట్టుకున్నారు. విక్టోరియాలో అటువంటి సంఘం 1861లో ఏర్పడింది. 1860లలో సాంబర్‌నూ హాగ్ డీర్‌నూ ఆసియా నుంచి తెచ్చి వదిలారు. ఇప్పుడు ఆ దేశంలో ఆరు జాతుల దుప్పులు అడవి జీవితం గడుపుతున్నాయి. అవి వచ్చిందే వేట కోసం కాబట్టి మొదటి నుంచీ వాటిని వేటజంతువుల కిందే లెక్కగట్టారు. వేటజంతువు అన్నాక ఏ కాలంలో కొట్టాలి, ఎన్ని కొట్టాలి అన్న నియమాలు వెంట వస్తాయి. దుప్పుల మందలు పెరిగి చిత్తడి నేలలనూ లేత మొక్కలనూ నాశనం చేస్తున్నాయని ఇప్పుడు పర్యావరణవేత్తలు మొరపెట్టుకుంటున్నా, విక్టోరియాలో ఆ పాత హోదా పూర్తిగా పోలేదు. హాగ్ డీర్‌కు కట్టుదిట్టాలు మిగతావాటి కంటే ఎక్కువ ఎందుకంటే దాని సొంత గడ్డ అయిన ఆసియాలోనే అది అంతరించిపోయే ప్రమాదంలో పడింది. విక్టోరియా తూర్పు భాగమైన గిప్స్‌ల్యాండ్ తీరంలో అది మిగిలి ఉండాలని అందరికంటే గట్టిగా కోరుకునేది దాన్ని వేటాడేవారే.

కుందేలుకూ నక్కకూ ఈ మర్యాద దక్కలేదు. 1859లో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి విక్టోరియాలోని తన బార్వన్ పార్క్ ఎస్టేటులో రెండు డజన్ల వరకు అడవి కుందేళ్లను వదిలాడు. అవి ఖండంలో చాలా భాగాన్ని ఎలా ఆక్రమించాయో పాఠ్యపుస్తకాల్లో కూడా ఉన్నది. నక్కను 1870ల ప్రాంతంలో గుర్రాల మీద తరిమే క్రీడ కోసం వదిలారు. ఈ రెండూ ఉపద్రవ జంతువుల జాబితాలో చేరాయి కాబట్టి, వాటిని కొట్టడానికి విక్టోరియాలో గేమ్ లైసెన్సు అడగరు. నేలమీద హక్కున్నవారి అనుమతి మాత్రం తప్పదు.

మీ సూత్రం అందరికంటే ఎక్కువగా తబ్బిబ్బయ్యేది డింగో దగ్గర. మనుషుల వెంట సముద్రం దాటి వచ్చిన కుక్క అది. వచ్చి కనీసం 3,500 ఏళ్లయింది. 1999 నాటి కేంద్ర పర్యావరణ చట్టం 1400వ సంవత్సరానికి ముందే ఆ దేశంలో ఉన్న జాతులను స్థానికమైనవాటిలో చేరుస్తుంది. ఆ లెక్కన డింగో స్థానికమే. విక్టోరియా 2008లో దాన్ని ప్రమాదంలో ఉన్న జంతువుగా గుర్తించింది. అదే విక్టోరియా పశువుల పొలాల అంచుల్లో ఆ రక్షణను ఉత్తర్వుల ద్వారా తొలగిస్తూ వచ్చింది. న్యూసౌత్‌వేల్స్‌లో అయితే అది అడవి కుక్కల కిందికి పోతుంది, దాన్ని అదుపులో పెట్టడం భూయజమాని బాధ్యత. వచ్చిన దుప్పికి లైసెన్సు అడిగి, వేల ఏళ్ల డింగోకు తుపాకీ చూపించే ఈ ఏర్పాటు సమంజసమని నేను అనను. కానీ వేటకు వెళ్లేవారు నమ్ముకోవలసింది తమ తర్కాన్ని కాదు, ఆ రాష్ట్రపు జాబితాను.

ప్రశ్న: కంగారూలు విపరీతంగా పెరిగాయని, వాటి మాంసం దుకాణాల్లో అమ్ముతారని మా అబ్బాయి చెప్పాడు. అలాంటప్పుడు విల్లుతో ఒకటి కొడితే తప్పేమిటి? అక్కడి ఆదివాసులు వేల ఏళ్లుగా వేటాడటం లేదా?

జవాబు: తప్పే కాదు, నేరం కూడా. కంగారూ, వాలబీ, ఎము, కోలా వంటి స్థానిక జంతువులు రక్షితాలు. దుకాణంలో కనిపించే మాంసం లైసెన్సు పొందిన వృత్తి వేటగాళ్లు, ప్రభుత్వం నిర్ణయించిన కోటా మేరకు తెచ్చినది. వారు పాటించవలసిన జాతీయ నియమావళి ప్రకారం రైఫిల్ గుండు తలకు తగిలి జంతువు తక్షణం చనిపోవాలి. బాణంతో తలకు గురిపెట్టడం అసాధ్యమని విల్లు పట్టినవారందరికీ తెలుసు. అందుకే ఏ అనుమతిలోనూ విల్లుకు చోటు లేదు. ఒళ్లంతా బాణాలు గుచ్చుకుని ఊరి శివారులో తిరిగే కంగారూల ఫోటోలు అక్కడి పత్రికల్లో అప్పుడప్పుడు వస్తుంటాయి. అవి ఆకతాయిల పనులు. చెడ్డపేరు మాత్రం నియమాలు పాటించే విలుకాళ్లకు కూడా అంటుకుంటుంది.

ఆదివాసుల సంగతి వేరు. 1993 నాటి నేటివ్ టైటిల్ చట్టంలోని 211వ సెక్షన్, తమ సంప్రదాయ హక్కు ప్రకారం సొంత అవసరాలకూ కుటుంబ అవసరాలకూ చేసే వేటకు లైసెన్సు పేరిట అడ్డు చెప్పకూడదంటుంది. క్వీన్స్‌ల్యాండ్‌లో రెండు చిన్న మొసళ్లను సంప్రదాయ ఈటెతో పట్టిన మరాండూ యానర్ మీద పెట్టిన కేసు హైకోర్టు దాకా వెళ్లి, 1999లో ఆయనకు అనుకూలంగా తేలింది. అక్కడ హైకోర్టు అంటే దేశానికంతటికీ అత్యున్నత న్యాయస్థానం. ఆ హక్కు ఆ సమాజాలదే, పొరుగువారికి అరువుగా దొరకదు. మరో మాట. ఆ ఖండపు ప్రధాన భూభాగంలో ఆదివాసులు విల్లును దాదాపు వాడనే లేదు. వారి ఆయుధాలు ఈటె, దాన్ని విసిరే వూమెరా, బూమరాంగ్. విల్లంబులు వాడింది ఉత్తరాన టోరెస్ జలసంధి ద్వీపవాసులు.

ప్రశ్న: తుపాకీ గుండుకు జంతువు వెంటనే పడిపోతుంది. బాణం తగిలితే గంటల తరబడి నరకం అనుభవిస్తుంది కదా? ఇంత క్రూరమైన పద్ధతిని ఒక నాగరిక దేశం ఎలా అనుమతిస్తోంది?

జవాబు: ఈ అభ్యంతరం మీ ఒక్కరిదే కాదు. ఆస్ట్రేలియాలో జంతు సంక్షేమానికి పనిచేసే ఆర్‌ఎస్‌పీసీఏ విల్లుతో వేటను వ్యతిరేకిస్తోంది. దీన్ని కొట్టిపారేయకుండా, అసలు బాణం ఎలా చంపుతుందో చూద్దాం.

తుపాకీ గుండు తన వేగంతో కండరాలనూ ఎముకలనూ ఛిద్రం చేస్తుంది. బాణానికి అంత శక్తి లేదు. అది కోస్తుంది, అంతే. ములికి అంచులు ఊపిరితిత్తులనూ గుండెనూ వాటి పెద్ద రక్తనాళాలనూ కోస్తే లోపల రక్తం వేగంగా పోయి, కొద్ది క్షణాల్లో స్పృహ తప్పి దుప్పి కూలుతుంది. అంచు మొద్దుబారితే నాళం తెగకుండా పక్కకు జరిగిపోతుంది. అందుకే అనుభవజ్ఞులు ప్రతి వేటకూ ముందు ములికి పదునును చూసుకుంటారు. జంతువు పూర్తిగా పక్కకు తిరిగినప్పుడో, లేక కొద్దిగా అవతలికి మళ్లినప్పుడో, ముందుకాలి భుజం వెనుక మాత్రమే బాణం వేయాలి. ఎదురుగా నిలబడినప్పుడు రొమ్మెముక అడ్డు, వెనక్కు తిరిగినప్పుడు పొట్ట అడ్డు. పొట్టలో బాణం దిగిన దుప్పి పడే యాతన మీరు రాసినట్టే ఉంటుంది.

దూరం మాటకొస్తే ఒక చిన్న లెక్క చెబుతాను. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. మంచి కాంపౌండ్ విల్లు నుంచి బాణం సెకనుకు 80 మీటర్లు పోతుందనుకుందాం. దుప్పి 30 మీటర్ల దూరంలో ఉంటే నారి వదిలిన చప్పుడు దాని చెవికి సెకనులో పదో వంతు కంటే ముందే చేరుతుంది, బాణం చేరడానికి సెకనులో మూడో వంతు దాటుతుంది. ఆ మధ్య వ్యవధిలో బెదిరిన దుప్పి దూకడానికి కాళ్లు ముడిచి ఒళ్లు కిందికి దించుతుంది. గుండెకు పెట్టిన గురి వెన్ను మీదుగా పోతుంది. లాంగ్‌బో బాణం వేగం ఇంకా తక్కువ కాబట్టి ఆ వ్యవధి ఇంకా పెరుగుతుంది. బాధ్యత తెలిసిన విలుకాడు ఇరవై, ముప్పై మీటర్ల లోపల తప్ప బాణం వదలకపోవడానికి కారణం ఇదే. మైదానంలో 60 మీటర్ల దూరపు అట్టబొమ్మకు తగిలిందని అడవిలోనూ అంతే దూరం నుంచి వేసేవారిని నేను వేటగాళ్లనను.

అంత దగ్గరకు చేరడమే ఈ విద్యలో అసలు కష్టం. గాలి తన ముఖం మీదికి వీస్తుండాలి, లేకపోతే మనిషి వాసన దుప్పికి ముందే తెలిసిపోతుంది. రోజంతా తిరిగి ఒక్క బాణం కూడా వేయకుండా ఇంటికి రావడం ఈ వేటలో మామూలు విషయం. వేశాక వెంటనే పరుగెత్తకూడదు. దెబ్బతిన్న జంతువును తరిమితే అది మరింత దూరం పోతుంది. నేలమీద పడిన రక్తం నురుగుతో లేత ఎర్రగా ఉంటే ఊపిరితిత్తులు తెగినట్టు. అప్పుడు అరగంట ఆగి జాడ పట్టుకుంటారు. నల్లగా ఉండి పేడవాసన వస్తే పొట్ట తెగినట్టు, అప్పుడు కొన్ని గంటలు ఆగాలి. ఆగాక ఎంతసేపైనా వెతికి, దొరికిన జంతువుకు బాధ ముగించవలసిన బాధ్యత వేసినవారిదే. అనవసరమైన బాధ కలిగిస్తే న్యూసౌత్‌వేల్స్‌లో 1979 నాటి, విక్టోరియాలో 1986 నాటి జంతుహింస నివారణ చట్టాలు ఉండనే ఉన్నాయి.

ఇదంతా పాటించినా బాణం తప్పుతుంది. తుపాకీ గుండు కూడా తప్పుతుంది గానీ, రెండో గుండు వెంటనే పేల్చవచ్చు. ఆ తేడాను విల్లు పక్షం వహించేవారు దాటవేయకూడదని నా అభిప్రాయం.

ప్రశ్న: సిడ్నీ నుంచి హోబర్ట్‌కు బదిలీ అయింది. న్యూసౌత్‌వేల్స్‌లో తీసుకున్న వేట లైసెన్సు అక్కడ చెల్లుతుందా?

జవాబు: చెల్లదు. అంతేకాదు, హోబర్ట్ ఉన్న టాస్మేనియా రాష్ట్రంలో విల్లుతో వేటే నిషిద్ధం. విల్లు వెంట తీసుకెళితే మైదానంలో గురి సాధనకు పరిమితం చేసుకోండి.

వేట నియమాలు అక్కడ రాష్ట్రాల చేతిలో ఉంటాయి. న్యూసౌత్‌వేల్స్‌లో 2002 నాటి చట్టం కింద ప్రభుత్వ అడవుల్లో వేటకు ఆర్ లైసెన్సు ఇస్తారు. దానికి శిక్షణ పొందాలి, ఆమోదం పొందిన వేట సంఘంలో సభ్యత్వం ఉండాలి. పన్నెండేళ్లు నిండినవారికి లైసెన్సు ఇస్తారు గానీ, పద్దెనిమిది నిండేదాకా పెద్దల పర్యవేక్షణ తప్పదు. లైసెన్సు ఉన్నా ఏ అడవికి ఏ రోజున వెళుతున్నారో ముందే నమోదు చేసుకుని రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. నేషనల్ పార్కుల్లో ఆ లైసెన్సు పనికిరాదు.

క్వీన్స్‌ల్యాండ్‌లో ఇంత తతంగం లేదు. అక్కడ అడవిపందినో దుప్పినో విల్లుతో కొట్టడానికి వేట లైసెన్సు అడగరు. కానీ వినోద వేటకు ప్రభుత్వ అడవులూ నేషనల్ పార్కులూ మూసే ఉంటాయి కాబట్టి, ప్రైవేటు భూమి యజమాని ఒప్పుకుంటేనే వేట. లైసెన్సు లేని చోట నియమం లేదనుకుని కంచె దాటినవారు చిక్కుల్లో పడతారు.

ప్రశ్న: మన చుక్కల దుప్పి క్వీన్స్‌ల్యాండ్‌లో ఉపద్రవ జంతువు అయిందని చదివి బాధ కలిగింది. అది అక్కడికి ఎలా చేరింది?

జవాబు: ఆ ఖండం మీద కాలు పెట్టిన మొదటి దుప్పి మనదే. 1800ల మొదటి దశకాల్లో జాన్ హారిస్ అనే సైనిక వైద్యుడు సిడ్నీ దగ్గర తన ఎస్టేటులో చుక్కల దుప్పులను పెంచాడు. ఇప్పుడు క్వీన్స్‌ల్యాండ్‌లో ఉన్న మంద మూలం వేరు. చార్టర్స్ టవర్స్ ఊరికి ఉత్తరాన ఉన్న మేరీవేల్ పశుక్షేత్రంలో 1886లో వదిలిన కొద్ది దుప్పుల సంతానమది. అవి చాలాకాలం ఆ చుట్టుపక్కలే ఉండి, తరువాత విస్తరించాయి. మన అడవుల్లో వాటి సంఖ్యను అదుపులో ఉంచే పెద్దపులి, చిరుత, రేచుకుక్కలు అక్కడ లేవు. ఏడాది పొడవునా ఈనుతాయి. అందుకే ఆ రాష్ట్రపు 2014 జీవభద్రతా చట్టం వాటిని ఉపద్రవ జంతువుల జాబితాలో చేర్చింది. అదే దుప్పి విక్టోరియాలో రక్షిత వేటజంతువు. మన దేశంలో 1972 నాటి చట్టం కింద దాన్ని వేటాడితే జైలు. జంతువు ఒక్కటే, మూడు చోట్లా మూడు హోదాలు.

ప్రశ్న: ఉత్తరాన డార్విన్ ప్రాంతంలో అడవి గేదెలనూ, బాంటెంగ్ అనే ఆసియా అడవి పశువులనూ విల్లుతో వేటాడతారట. అది సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే, కానీ కొత్తవారి పని కాదు. గేదెలను 1820ల నుంచి 1840ల వరకు మెల్విల్ ద్వీపానికీ కోబర్గ్ ద్వీపకల్పానికీ మాంసం కోసం తెచ్చారు. అక్కడి బ్రిటిష్ స్థావరాలు ఎత్తివేసినప్పుడు అవి అడవిపాలయ్యాయి. పశువుల క్షయను తుడిచిపెట్టడానికి 1970లో మొదలైన కార్యక్రమంలో వాటిని పెద్దఎత్తున కాల్చివేశారు. 1997 చివరకు ఆ వ్యాధి దేశంలో లేదని ప్రకటించారు. మిగిలిన గేదెలు మళ్లీ పెరిగాయి.

గేదె పక్కటెముకలు వెడల్పుగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. దుప్పికి సరిపోయే తేలిక బాణం వాటి మధ్య నుంచి దూరదు. అందువల్ల దీనికి బలమైన విల్లు, రెట్టింపు బరువున్న బాణం, వెడల్పు తక్కువైన గట్టి రెండంచుల ములికి వాడతారు. పక్కన రైఫిల్ పట్టుకున్న మార్గదర్శి నిలబడతాడు. గాయపడిన దున్న మీదికి వస్తే రెండో బాణం తీసే వ్యవధి ఉండదు.

బాంటెంగ్ కథ ఇంకా విచిత్రం. 1849లో కోబర్గ్ ద్వీపకల్పంలోని పోర్ట్ ఎసింగ్‌టన్ స్థావరాన్ని వదిలి వెళ్లినప్పుడు మిగిలిపోయిన 20 పశువుల సంతానం ఇప్పుడు అక్కడి నేషనల్ పార్కులో వేలల్లో ఉన్నది. సొంత గడ్డ అయిన ఆగ్నేయాసియాలో అది అంతరించిపోయే స్థితికి చేరింది. అందుకని పార్కు నుంచి దాన్ని పూర్తిగా తొలగించాలనేవారూ, కాపాడాలనేవారూ ఇద్దరూ ఉన్నారు. ప్రస్తుతం అనుమతి పొందిన సఫారీ నిర్వాహకుల ద్వారా, పరిమిత సంఖ్యలోనే వేట జరుగుతుంది. ఆ భూమి ఆదివాసీ యజమానులది, వేట రుసుములో వారికి వాటా వెళుతుంది. సొంతంగా విల్లు భుజాన వేసుకుని ఆ పార్కులోకి వెళ్లే దారి లేదు.